ఏటిగట్టు హోటలు పక్క దారి

అమ్మ ఫోన్ చేస్తే ముందు నా నడుము నొప్పి ఎలా ఉందని అడుగుతుంది, తర్వాత పిల్లల చదువులు, ఆ తర్వాతే అసలు సంగతి. ఆ రోజు మాత్రం నేను హలో అనకముందే సంగతిలోకి దిగింది.

"ఆదివారం శ్రీకాకుళం వస్తన్నావా?"

"ఏటమ్మా, ఏటైనాది?"

"ఏటిగట్టు హోటలు కాడ గోడ లేపుతన్నారు. పక్కనున్న దారి మూసీస్తారట. ఎల్లి మాటాడాల."

"ఎవరితో మాటాడతావు?"

"అది ఎల్తే తెలుస్తాది. నువ్వు రా."

నేను గరివిడిలో హైస్కూల్లో లెక్కలు చెబుతాను. అమ్మ శ్రీకాకుళంలో మా తమ్ముడి ఇంట్లో ఉంటుంది. తమ్ముడు అరసవల్లి రూటులో ఆటో నడుపుతాడు. అమ్మ చాలా ఏళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. మోకాళ్లు అరిగిపోయాయి, మెట్లెక్కితే ఒక చెయ్యి గోడ మీద ఉండాల్సిందే. కానీ మాట్లాడితే ఇప్పటికీ మందు మింగనని మొరాయించే పేషెంటుతో మాట్లాడినట్టే మాట్లాడుతుంది. ఎదుటివాళ్లు నోరు తెరవాల్సిందే.

ఏటిగట్టు హోటలు నాగావళి ఒడ్డున రెండంతస్తుల మేడ. బ్రిటిషువాళ్ల కాలంలో ఊళ్లు తిరిగే ఆఫీసర్లూ, ఏరు దాటబోయే వ్యాపారులూ అందులో దిగేవారట. వాళ్లు వెళ్లిపోయాక కూడా చాలా ఏళ్లు హోటలు నడిచిందట. నాకు ఊహ తెలిసేసరికి అది గోగునార గోదాము. కిటికీల సందుల్లోంచి నార వాసన వచ్చేది. ఆ తర్వాత అదీ లేదు, తలుపులకి తాళాలూ, గోడల్లో రావి మొక్కలూ మిగిలాయి. ఈమధ్య ఎవరో కొన్నారు. పడగొట్టి అపార్టుమెంటు కడతారనుకున్నాం అందరం. పడగొట్టలేదు. పాతది ఉన్నదున్నట్టే బాగుచేసి మళ్లీ హోటలు నడుపుతారని తెలిసింది.

హోటలుకీ పక్క తోటకీ మధ్య ఒక కాలిబాట ఉంది. అది ఏట్లోకి దిగే రాతిమెట్ల దగ్గర ఆగుతుంది. మా సంఘంలో బాప్తిస్మాలన్నీ ఆ మెట్ల దగ్గరే జరిగేవి. ఎగువన ఇసక తవ్వి గుంటలు చేశారు, దిగువన ఊరి మురుగు కలుస్తుంది. నడుము లోతు నీళ్లలో కాలికి గట్టి నేల తగిలేది అక్కడొక్కచోటే. అయితే అయిదారేళ్ల క్రితం చర్చిలో నీలం టైల్సు వేసి ఒక తొట్టి కట్టించారు. కొత్తగా వచ్చిన పాస్టరుగారు కుర్రవాడు, మంచివాడు. అమ్మ వెళ్లి గోడ సంగతి చెబితే, "తొట్టి ఉంది కదమ్మా, ఏటి నీళ్లలో ఇప్పుడు ఏముందో ఎవరికి తెలుసు" అన్నారట. ఆ మాటతో అమ్మ లేచి వచ్చేసి నాకు ఫోన్ చేసింది.

ఆదివారం ఆరాధన అయ్యాక తమ్ముడు మమ్మల్ని హోటలు దగ్గర దింపి, "ఎక్కువసేపు ఉండకండి, ఎండ ఎక్కతాది" అని వెళ్లిపోయాడు. మేడ చుట్టూ సర్వీ కర్రల పరంజా కట్టి ఉంది. ఒక పక్క గానుగలో సున్నం తిరుగుతోంది. సున్నంలో కలపడానికి పీపాల్లో కరక్కాయలూ బెల్లమూ నానబెట్టారు. ఆ పులిసిన వాసన వీధిలోకే వస్తోంది. గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇటు కాదమ్మా. పనోళ్లంతా ఎనకనుంచే ఎల్లాల."

"మేం పనోళ్లం కాదు బాబూ," అంది అమ్మ. "ముందు తలుపు తీసే ఉన్నాది కదా."

అతను ఇంకేదో అనేలోపు అమ్మ నా భుజం పట్టుకుని మెట్లెక్కి లోపలికి నడిచింది.

లోపల పాతికేళ్లు దాటిన అమ్మాయి ఒకతె గోడని చిన్న కత్తితో గీకుతూ కనిపించింది. నెత్తిన హెల్మెట్టు. విశాఖపట్నం నుంచి వచ్చిన ఆర్కిటెక్టట, ఇక్కడి పనంతా ఆమె చేతి మీదే జరుగుతోంది. మమ్మల్ని కసురుతుందేమో అనుకున్నాను. కానీ ఈ ఊరి వాళ్లమని, అమ్మకి ఈ హోటలు చిన్నప్పటినుంచీ తెలుసని చెప్పగానే ఆమె మొహం వెలిగింది. మా ఇద్దరికీ హెల్మెట్లు తెప్పించింది. అంచు ఉన్న తెల్లచీర మీద పసుప్పచ్చ హెల్మెట్టు పెట్టుకున్న అమ్మని చూసి నాకు నవ్వొచ్చింది గాని అమ్మ ఆసుపత్రి టోపీ సర్దుకున్నంత శ్రద్ధగా దాని పట్టీ బిగించుకుంది.

"మామ్మగారూ, మీలాంటివాళ్ల కోసమే చూస్తున్నాను," అంది ఆ అమ్మాయి. "ఈ హాలు గోడలు గీకితే ఒకదాని కింద ఒకటి రంగులు వస్తున్నాయి. అప్పట్లో ఏ రంగు ఉండేదో గుర్తుందా మీకు?"

అమ్మ చుట్టూ చూసింది. ఎత్తయిన దూలాలు, నల్లగా మాసిన గచ్చు, ఏటి వైపు తెరుచుకునే పొడవాటి తలుపులు.

"తెల్దమ్మా. ఈ హాలు నాను సూడడం ఇదే మొదులు."

"అదేంటి, చిన్నప్పుడు ఇక్కడికి వచ్చేదాన్నన్నారు కదా?"

"వొచ్చీదాన్ని. ఎనకనుంచి. మా యమ్మ పైన స్నానాల గదులకి ఏటినుంచి నీళ్లు మోసీది. నాను ఎనకాల సిన్న బిందెతో. ఎనకాల ఇనప మెట్లు ఉన్నాయి కదా, మెలికలు తిరిగి, అవెక్కి గదిలో గోలెం నింపీసి అలగే దిగిపోవాల. ఇటేపు తలుపు తీస్తే ఏటుంటాదో మాకు తెల్దు. తియ్యకూడదు."

ఆ అమ్మాయి చేతిలోని కత్తి పక్కన పెట్టేసింది. తర్వాత, "ఆ మెట్లు ఇంకా ఉన్నాయి మామ్మగారూ," అంది మెల్లగా. "పైకి వెళ్దామా? లోపలి మెట్లు గట్టిగానే ఉన్నాయి."

అమ్మమ్మ నీళ్లు మోసేదని నాకు తెలుసు. ఎక్కడో హోటల్లో అని తెలుసు. ఈ మేడ మీదికని, ఆ మెట్ల మీంచని అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. దాచిందని కాదు, చెప్పుకోవాల్సిన సంగతిలా ఆమెకి తోచి ఉండదు.

టేకు మెట్లు వెడల్పుగా ఉన్నాయి. అమ్మ ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో నన్నూ పట్టుకుని, మధ్యలో రెండుసార్లు ఆగి ఎక్కింది. పైన ఒక గది మాత్రం పూర్తిగా తయారుచేసి ఉంచారు. మిగతా గదులు ఎలా వస్తాయో చూసుకోడానికట. గోడలకి కొత్త సున్నం పాలలా మెరుస్తోంది. అమ్మ మంచం వైపు చూడలేదు, కిటికీలోంచి ఏరు కూడా చూడలేదు. సూటిగా స్నానాల గదిలోకి వెళ్లింది. వెనక తలుపు, దాని అవతల తుప్పుపట్టిన ఇనప మెట్ల చివర కనబడుతున్నాయి. గోలెం ఉండే మూల ఇప్పుడు షవరూ, కుళాయీ.

అమ్మ కుళాయి తిప్పింది.

నీళ్లు ధారగా వచ్చాయి. అమ్మ చెయ్యి కింద పెట్టి నిలబడింది. కట్టలేదు. నీళ్లు గచ్చు తడిపి నా చెప్పుల దాకా వచ్చాయి. నేను కట్టబోతే ఆ అమ్మాయి కళ్లతోనే వద్దంది.

"ఒకరోజు ఒక దొరసాని నీళ్లు సల్లగున్నాయన్నాదని మా యమ్మ మళ్లీ కిందకెల్లి వేణ్ణీళ్లు తెచ్చింది," అంది అమ్మ, మా వైపు తిరక్కుండా. "తెచ్చీసరికి ఆవిడ స్నానం మానీసింది. మా యమ్మ ఆ నీళ్లు నా కాళ్ల మీద పోసీసింది. ఎచ్చగా ఉండీవి."

తర్వాత తనే కట్టేసి, చెయ్యి కొంగుకి తుడుచుకుంది. "సరే. నానొచ్చిన పని వేరు. మీరు గోడ ఎక్కడ కడతన్నారో సూపించు పాప."

కిందకి వచ్చి ప్రహరీ దగ్గరికి వెళ్లాం. కాలిబాటకి అడ్డంగా పునాది తవ్వేశారు. అవతల మెట్లు కనబడుతున్నాయి గాని వెళ్లడానికి లేదు. బాట హోటలు స్థలంలోదేనని, మూసెయ్యాలన్నది ఓనరుగారి నిర్ణయమని ఆ అమ్మాయి చెప్పింది. "శనివారం ఆయన వస్తారు మామ్మగారూ. మీరే అడగండి. నేనూ పక్కన ఉంటాను."

శనివారం మేం వెళ్లేసరికి ఓనరుగారు వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కొబ్బరి బొండాం తాగుతున్నారు. అరవై ఏళ్ల మనిషి. చీపురుపల్లి దగ్గర పల్లెలో వరీ నువ్వులూ పండించే కుటుంబం, జీడిపప్పు వ్యాపారంలో పైకొచ్చారు. మేం నిలబడి ఉండగానే ఆయన లేచి అమ్మకి కుర్చీ వేశారు. ఆ మర్యాద చూసి పని తేలిగ్గా అయిపోతుందనుకున్నాను.

కాలేదు.

"అమ్మా, మీరు పెద్దోరు. నా మాట కూడా ఇనండి," అన్నారాయన. "ఆ దారంట సాయంత్రమైతే తాగుబోతులు దిగుతారు. గేదెలు దిగుతాయి. రేపు ఇక్కడ ఆడోళ్లూ పిల్లలూ వచ్చి ఉంటారు. వాళ్ల కిటికీ కింద ఇవన్నీ ఉంటే ఎవరొస్తారు సెప్పండి? మీకు సర్చిలో తొట్టి ఉందట కదా."

"ఉన్నాది."

"మరింకేటి?"

"తొట్టి ఉన్నాదని ఏరు మూసీస్తారేటి బాబూ?"

ఆయన నవ్వి బొండాం పక్కన పెట్టారు. కాసేపు ఆలోచించి, సరే ఒక పని చేద్దామన్నారు. గోడలో చిన్న ఇనప గేటు పెట్టిస్తారు. తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. బాప్తిస్మాలున్న రోజు ముందుగా చెబితే తీయిస్తారు.

నాకు బాగానే అనిపించింది. అమ్మ వైపు చూశాను, ఒప్పుకోమన్నట్టు.

"తాళం వొద్దు బాబూ," అంది అమ్మ. "ఇయ్యాల మీరున్నారు, తీస్తారు. రేపొచ్చినోడు తియ్యడు. అడిగి ఎల్లాలంటే అది మీ గుమ్మం అవుతాది, దారి అవదు. మాకు దారి కావాల."

"అలగైతే నాను సెయ్యగలిగింది ఏటీ నేదమ్మా."

"ఆలోసించండి. నాను మళ్లీ శనివారం వస్తాను."

"మళ్లీ వొచ్చినా ఇదే మాట."

"అయినా వస్తాను. మీకు కాలీ లేకపోతే ఈ కుర్చీలో కూకుంటాను."

ఇంటికొచ్చాక తమ్ముడు ఊరుకోలేదు. అన్నం దగ్గర కూర్చోగానే అందుకున్నాడు. "పాస్టరుగారే వొద్దంతంటే నీకెందుకమ్మా? ఆ మోకాళ్లతో వారం వారం ఎల్లి ఆళ్ల కాడ కూకోడం ఏటి? ఆ తాళం గేటుకి ఒప్పుకుంటే అయిపోను కదా."

నేనూ వాడి మాటే అన్నాను, కొంచెం మెత్తగా.

అమ్మ పులుసు కలుపుకుని రెండు ముద్దలు తింది. తర్వాత చెప్పింది. తనకి బాప్తిస్మం ఇచ్చిన రోజు పొద్దున కూడా అమ్మమ్మతో కలిసి పైకి నీళ్లు మోసిందట. హోటల్లో గదులన్నీ నిండి ఉన్నాయి, మానడానికి లేదు. మోసి, బిందెలు కడిగి వెనక బోర్లించి, తెల్లబట్టలు కట్టుకుని, రోజూ నీళ్లు ముంచే రాతిమెట్లే దిగి ఏట్లోకి వెళ్లింది. హోటలు వసారాలో నిలబడి దొరలు చూస్తున్నారట.

"రోజూ ఆ నీళ్లు నా నెత్తి మీదుండీవి. ఆరోజు నాను నీళ్లలో ఉన్నాను," అంది. "మా యమ్మ గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిల్చున్నాది. ఎవులూ అటెల్లు ఇటెల్లు అనలేదు. అంత పెద్ద హోటలు ఎదర. నాకు తెలిసినాది రా, ఆ మెట్లు ఎవులివీ కావు. తొట్టిలో మునిగినోళ్లకి రక్షణ నేదని నాను అనను. నాకు ఆ దారి కావాల."

తమ్ముడు తల దించుకుని అన్నం తిన్నాడు. లేచి చెయ్యి కడుక్కునేటప్పుడు, "శనివారం ఎన్నింటికి ఎల్లాల?" అని అడిగాడు.

ఆ తర్వాత శనివారాలన్నీ అలాగే గడిచాయి. నాకు బడి ఉన్నప్పుడు తమ్ముడే ఆటోలో దింపేవాడు. అమ్మ ఫ్లాస్కుతో టీ, బైబిలూ, కళ్లజోడూ సంచీలో పెట్టుకుని వెళ్లి వసారాలో కూర్చునేది. ఓనరుగారు వచ్చిన రోజు నమస్కారం పెట్టి, "ఆలోసించినారా బాబూ?" అని అడిగేది. ఆయన లేదనేవారు. అమ్మ టీ తాగి చదువుకుని ఇంటికొచ్చేసేది. పనివాళ్లలో ఎవరికో సున్నం కంట్లో పడితే ఒకరోజు నీళ్లతో కడిగి దగ్గరుండి ఆసుపత్రికి పంపిందట. దాని గురించి నాకు చెప్పింది ఆర్కిటెక్టు అమ్మాయే, ఫోనులో.

తోడు రమ్మని అమ్మ ఎవరినీ అడగలేదు. కానీ మా వీధిలో సంగతి పాకింది. ఆ మెట్లు మా సంఘానివి మాత్రమే కావు. కార్తీకమాసంలో స్నానాలు అక్కడే. పోయినవాళ్లకి పిండాలు పెట్టేది అక్కడే. రథసప్తమికి అరసవల్లి వెళ్లే చుట్టాలు మా వీధిలో దిగి ముందు ఆ మెట్ల మీదే మునిగి వెళ్తారు. మా ఎదురింటి ఆవిడ, నిత్యపూజ లేకుండా నీళ్లు ముట్టని మనిషి, ఒక శనివారం పొద్దున అమ్మతో పాటు ఆటో ఎక్కి కూర్చుంది. ఆ తర్వాతి వారం ఆటో చాలలేదు, మిగతావాళ్లు నడిచి వచ్చారు.

ఆ వారం నేనూ ఉన్నాను. వసారా నిండా ఆడవాళ్లు. ఎవరూ కేకలు వెయ్యలేదు. ఒకావిడ చిక్కుళ్లు ఒలుస్తోంది. ఓనరుగారు కారు దిగి, ఆ దృశ్యం చూసి, చెప్పులు విడవడం మరిచిపోయి అలాగే నిలబడ్డారు.

"ఏటమ్మా ఇది," అన్నారు అమ్మతో. "నన్ను ఊళ్లో ఎదవని సేస్తారా?"

"నేదు బాబూ. మీరు మంచోరనే వొచ్చినాం. మంచోరు కాకపోతే ఈ మేడ ఈపాటికి పడగొట్టీదురు."

అప్పుడు ఆర్కిటెక్టు అమ్మాయి కల్పించుకుంది. గోడని బాటకి అడ్డంగా కాకుండా, హోటలు వైపు కొంచెం లోపలికి జరిపి బాట పొడవునా కట్టొచ్చని, అప్పుడు బాట గోడ బయటే ఉండిపోతుందని, గదుల కిటికీలకి బాట కనబడకుండా గోడే అడ్డం ఉంటుందని చెప్పింది. పోయేదల్లా పూలమొక్కల వరస ఒకటి. ఈ మాట ఆమె ముందే అనుకుని ఉంచుకుందని నాకు తెలుస్తూనే ఉంది. ఓనరుగారికీ తెలిసినట్టే ఉంది, ఆమె వైపు ఒక చూపు చూశారు. అయినా అందరితో పాటు బాట దగ్గరికి నడిచారు.

మేస్త్రి పునాది గుంట మీద చెక్కలు పరిచి, పుల్లలు పాతి తాడు కట్టాడు. ఓనరుగారు చూసి, "ఇంత చాలు," అన్నారు. అది ఒక మనిషి నడవడానికి సరిపోతుంది.

అమ్మ ఆ తాడు దగ్గరికెళ్లి నిలబడింది. "ఇలగ రా పాప," అని ఆర్కిటెక్టు అమ్మాయిని పిలిచింది. "నువ్వీపక్కన పట్టు," అని నాతో అంది. మేమిద్దరం చెరొక రెక్కా పట్టుకున్నాం. అమ్మ నడవడం మొదలెట్టింది. నాలుగు అడుగులు వేసేసరికి నా మోచెయ్యి పక్క తోట కంచెకి గీసుకుంది, అవతల ఆ అమ్మాయి తాడు మీదికి తూలింది. పుల్ల ఊడి పడిపోయింది.

అమ్మ ఆగి ఓనరుగారి వైపు తిరిగింది.

"సూసినారా? ముసిల్దాన్ని ఏట్లోకి దింపాలంటే ఇద్దరు పట్టుకోవాల. నీళ్లలోంచి వొచ్చినప్పుడు బట్టలు బరువెక్కి ఉంటాయి, వొణుకొస్తాది. అప్పుడు మరీ పట్టుకోవాల. మీ ఇంట్లో పెద్దోళ్లు వొస్తే ఆళ్లనీ అలగే దింపాల."

ఓనరుగారు వంగారు. పడిన పుల్ల తనే తీసి, కొంచెం లోపలికి జరిపి నేలలో గుచ్చారు. "మళ్లీ నడండి," అన్నారు.

నడిచాం. ఈసారి మోచేతులు తగల్లేదు, కానీ ముగ్గురం ఒకరినొకరు రాసుకుంటూ నడిచాం. అమ్మ ఒప్పుకోలేదు. ఆయన ఇంకో జానెడు జరిపారు. మూడోసారి మెట్ల దాకా హాయిగా వెళ్లాం. అమ్మ అక్కడ నిలబడి ఏరు చూసింది. వేసవి నీళ్లు, పల్చగా, ఇసక మేటల మధ్య పారుతున్నాయి.

"అంతే ఉంచు," అన్నారు ఓనరుగారు మేస్త్రితో. "తాళం నేదు, గేటూ నేదు. ఇంక నా వసారా కాలీ సెయ్యండమ్మా, పెయింటు పనుంది."

ఆడవాళ్లు నవ్వారు. చిక్కుళ్లు ఒలిచే ఆవిడ పొట్టు ఊడ్చి మరీ లేచింది.

గోడ ఆ నెలలోనే లేచింది. సున్నపు గోడ, నున్నగా, చల్లగా ఉంటుంది. హోటలు పని మాత్రం ఇంకా సాగుతూనే ఉంది. పైకప్పు దూలాల్లో కొన్ని పుచ్చిపోయాయట, మార్చాలి. వెనక ఇనప మెట్లు ఉంచాలా తీసెయ్యాలా అని ఆర్కిటెక్టు అమ్మాయి అమ్మని అడిగింది. ఉంచితే అక్కడ నీళ్లు మోసినవాళ్ల సంగతి ఒక పలక మీద రాయించి పెడతానంది. "అది నీ ఇష్టం పాప," అంది అమ్మ. "రాస్తే తెలుగులో రాయించు, సదువుకోడానికి వీలుగా." రాయిస్తుందో లేదో ఇంకా తెలీదు.

ఈ ఈస్టరుకి మా సంఘంలో బాప్తిస్మానికి సిద్ధపడిన వాళ్లలో చాలామంది తొట్టే కావాలన్నారు. ఇద్దరు మాత్రం ఏట్లో అన్నారు. పాస్టరుగారు ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని మొదట వెనకాడారు, తర్వాత లోతులోకి దిగారు. అమ్మ గట్టు మీద తువ్వాళ్లు పట్టుకుని నిలబడింది. ఇద్దరే వచ్చారని నేను బాధపడితే, "ఇద్దరా పదిమందా అని నాను అడిగినానేటి?" అంది. "కావాలన్నోడికి ఉన్నాది. అది సాలు."

పోయిన శనివారం నేను వెళ్లేసరికి అమ్మ ఇంట్లో లేదు. తమ్ముడి భార్య ఏటి వైపు చెయ్యి చూపించింది. వెళ్లి చూస్తే, బాట మొదట్లో ఎవరో మోటారుసైకిలు అడ్డంగా పెట్టి పోయారు. అమ్మ దాని పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుని ఉంది.

"ఎవులిదమ్మా ఇది?" అన్నాను.

"తెల్దు. ఎవులిదైనా వస్తాడు కదా," అంది అమ్మ, పీట కొంచెం నీడలోకి జరుపుకుంటూ. "వచ్చేదాకా ఉంటాను. నువ్వెల్లి టీ పట్రా."